మూట మోసినోడు జైల్లో, మూటకట్టుకున్నోడు మేడలో

వ్యవసాయ కూలీల సమావేశం అంటే కూలిరేటు, యిళ్ల స్థలాలు, రేషను బియ్యం, పని రోజులు - యివే మనం మాట్లాడుకునే సంగతులు. కొన్నేళ్లుగా వీటి పక్కన యింకో సంగతి వచ్చి చేరింది. జనం లేచి వెళ్లాక తల్లులు మమ్మల్ని పక్కకి పిలిచి, గొంతు తగ్గించి అడుగుతున్నారు. "అన్నా, మావాడి వాలకం బాగాలేదు, కళ్లు యెర్రగా వుంటున్నాయి, ఏం చెయ్యమంటావు?" అని ఒకరు. "వాకిట్లో పెట్టిన బండి పోయింది, స్టేషనుకెళితే మా మీదకే తిప్పుతారేమో?" అని ఒకరు. "పిల్లాడు నర్సీపట్నం దారిలో దొరికాడట, మన లాయరెవరన్నా వున్నారా?" అని యింకొకరు. చాలాచోట్ల ఈ మూడు ప్రశ్నల వెనకా ఒకే వ్యాపారం వుంది. అది గంజాయి వ్యాపారం.

పరువు పోతుందని యింట్లో దాస్తున్నారు. భయపడి వూళ్లో దాస్తున్నారు. ఆ మౌనమే వ్యాపారికి పెట్టుబడి. అందుకని ఈ వ్యాపారం యెలా నడుస్తోంది, యెవరు లాభపడుతున్నారు, చట్టం యెవరి మెడకు చుట్టుకుంటోంది, మనం చెయ్యవలసిందేమిటి అన్న విషయాలు వున్నవి వున్నట్టు చెప్పుకుందాం.

కొండమీద పంట యెవరిది?

విశాఖ మన్యం 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. అందులో చింతపల్లి, జి.కె.వీధి, జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు మండలాలు గంజాయి సాగుకు పేరుపడ్డాయి. సరిహద్దు దాటితే ఒడిశాలో మల్కనగిరి, కోరాపుట్ జిల్లాలదీ అదే కథ. రోడ్డు లేని లోయలు, అంబులెన్సు రాని వూళ్లు, సంతకు పోవాలంటే మైళ్ల కొద్దీ నడక. పసుపో, రాజ్‌మా చిక్కుడో పండించి నెత్తిన పెట్టుకు దిగితే సంతలో షావుకారు చెప్పిందే ధర. గిట్టుబాటు లేని చోటుకే గంజాయి వ్యాపారి వచ్చాడు.

అతను వచ్చే తీరు చూడండి. సాగుకు ముందే చేతిలో అడ్వాన్సు పెడతాడు. విత్తనం తనే తెస్తాడు. పంటను కొండ మీదనుంచే యెత్తుకుపోతాడు. గిరిజనుడికి సంత దూరం లేదు, బేరం బాధ లేదు. యిది వరం కాదు, వల. గిరిజనుల భూమి గిరిజనేతరుల పేరు మీదకు మారకూడదని 1970లో వచ్చిన ఒకటి బై డెబ్బై చట్టం చెబుతోంది. గంజాయి వ్యాపారికి ఆ చట్టంతో పేచీయే లేదు. అతనికి భూమి పేరు అక్కర్లేదు, పంట చాలు. కాగితం మీద భూమి గిరిజనుడిది, లాభం వ్యాపారిది. పోలీసులు వచ్చిన రోజున కేసు మాత్రం కాగితం మీద పేరున్నవాడిది.

2021 అక్టోబరు ఆఖర్లో పోలీసులు 'ఆపరేషన్ పరివర్తన్' మొదలుపెట్టారు. వారి లెక్క ప్రకారం యేడున్నర వేల యెకరాల్లో మొక్కలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. దాని తర్వాత మన వైపు సాగు బాగా తగ్గింది. కాని సరుకు ఆగలేదు. ఒడిశా వైపునుంచి పాత దారుల్లోనే దిగుతోంది. నరికింది మొక్కను, వ్యాపారిని కాదు.

మొక్క నరికిన చోట గిరిజనుడు ఏం తినాలి? కాఫీ వెయ్యమన్నారు. కాఫీ మంచిదే. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్టుకే మిరియాల తీగ - కొండకు, కొండమనిషికి రెండిటికీ సరిపడే పంట. కాని కాఫీ మొక్క నాటిన నాలుగో యేటికి గాని సరిగా కాపు రాదు. ఆ మూడు నాలుగేళ్లు పొయ్యి వెలగాలి గదా! ఆ మధ్యకాలానికి తిండీ, పనీ, చేతిపంటలకు ధరా చూపితేనే గంజాయి వ్యాపారి అడ్వాన్సు యెవరికీ అక్కర్లేకుండా పోతుంది. 1956 నుంచీ గిరిజన సహకార సంస్థ వుంది, ఐ.టి.డి.ఎ. వుంది. సంతలో షావుకారు కంటే ముందు అవి నిలబడాలి.

దిగువకు మోసేదెవరు?

కొండమీద పెట్టుబడి పెట్టినవాడు కొండ దిగి మూట మొయ్యడు. మొయ్యడానికి వేరే మనుషులు కావాలి. వాళ్లు మన వూళ్లలో దొరుకుతున్నారు. పది తప్పినవాడు, యింటరు మధ్యలో మానినవాడు, వూడ్పులకూ కోతలకూ తప్ప పని లేనివాడు, ఆటో వాయిదా కట్టలేనివాడు. ట్రిప్పుకు కొన్ని వేలు యిస్తామంటారు. నెలంతా వంగి నాట్లేసినా కూడని డబ్బు ఒక్క రాత్రిలో వస్తుందంటే, వయసులో వున్నవాడికి ఆశ పుట్టదా? మొదట వూరికే పొగ తాగిస్తారు. తర్వాత అప్పుకు యిస్తారు. ఆ అప్పు తీర్చడానికి మూట మొయ్యమంటారు. వెనకటి పాలేరు అప్పుకూ దీనికీ తేడా ఏమీ లేదు. అప్పుడు పలుపు కట్టింది ఆసామి. యిప్పుడు కడుతున్నవాడి మొహం కూడా తెలియదు, ఫోనులో గొంతు తప్ప.

సరుకు నర్సీపట్నం మీదుగా, తుని మీదుగా జాతీయ రహదారి యెక్కుతుంది. హైదరాబాదు, చెన్నై, బెంగళూరు, మహారాష్ట్ర, కేరళ - యెక్కడ ధర వుంటే అక్కడికి పోతుంది. ముందొక మోటారు సైకిలు పోతుంది, దాన్ని పైలట్ బండి అంటున్నారు. ముందు చెక్‌పోస్టు వుందో లేదో చూసి ఫోను చెయ్యడం వాడి పని. వెనక సరుకు బండి వస్తుంది. సరుకున్నవాడికి పైవాడి పేరు తెలియదు, పైవాడికి అంతకు పైవాడు తెలియదు. దొరికితే దొరికేది అడుగు మెట్టు మీద వున్నవాడే. నిచ్చెన అలా కట్టారు.

దొంగబండి సంగతి

ఈ వ్యాపారానికి బండి కావాలి. దొరికితే పోవలసి వస్తుంది గనుక సొంత బండి వాడరు. దొంగతనం చేసిన కారుకో మోటారు సైకిలుకో నంబరు ప్లేటు మార్చి వాడే పద్ధతి అన్ని చోట్లా బయటపడుతూనే వుంది. పోలీసులు వెంటబడితే బండి రోడ్డు పక్కన వదిలి తోటల్లో పడి పారిపోతారు. బండి మీద వున్న నంబరు మీదో నాదో అయివుండవచ్చు.

కూలికుటుంబంలో బండి షోకు కాదు. యిరవై ముప్ఫై కిలోమీటర్లు పోతే గాని పని దొరకని రోజుల్లో అది కొడవలి లాంటి పనిముట్టు. ఫైనాన్సులో తీసుకుని నెలనెలా వాయిదా కడుతున్నది. అది పోతే పనీ పోతుంది, వాయిదా మాత్రం పోదు. అందుకని యిక్కడ కొన్ని సంగతులు గుర్తుపెట్టుకోండి.

బండి పోతే ఆ రోజే ఫిర్యాదు చెయ్యండి. "వెతుకుదాం, రెండ్రోజులు ఆగు" అన్నా ఆగవద్దు. ఆ రెండ్రోజుల్లో ఆ బండి మీద యెంత సరుకు పోయినా వెతుక్కుంటూ వచ్చేది మీ యింటికే. "మా పరిధి కాదు" అనడానికి వీల్లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేర విచారణ చట్టం ప్రకారం, నేరం యెక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు నమోదు చెయ్యాలి, దాని నకలు వుచితంగా యివ్వాలి. తీసుకోకపోతే ఫిర్యాదును జిల్లా ఎస్.పి.కి రిజిస్టరు పోస్టులో పంపండి, రసీదు దాచుకోండి. ఆ రసీదే రేపు మీ పక్షాన సాక్షి.

బండి అమ్మితే తెల్లకాగితం రాసుకుని సరిపెట్టుకోకండి. రిజిస్ట్రేషను కొన్నవాడి పేరుకు మారేదాకా ప్రభుత్వం దృష్టిలో యజమాని మీరే. చవకగా వస్తుందని కాగితాల్లేని బండి కొనకండి. దొంగసొత్తని తెలిసి గాని, అలా నమ్మడానికి కారణం వుండి గాని కొంటే మూడేళ్ల దాకా జైలుశిక్ష వుంది. సగం ధరకు యెందుకిస్తున్నాడని అడగకపోవడం మీ తప్పుగానే లెక్కకొస్తుంది.

ఆటో అన్నలకు ఒక మాట. రాత్రిపూట మామూలు కిరాయికి రెండింతలు, మూడింతలు యిస్తానన్నవాడి సంచిలో ఏముందో అడగండి. సరుకు దొరికితే ఆటో జప్తుకు పోతుంది. నాకు తెలియదు, నేను జాగ్రత్తగానే వున్నాను అని రుజువు చెయ్యవలసిన భారం యజమాని మీదనే పెట్టింది చట్టం. అయితే ఒక వూరట వుంది. తనకు తెలియకుండా బండి వాడారని చెప్పుకునే యజమానికి విచారణ జరుగుతుండగానే కోర్టు షరతుల మీద బండి తిరిగి యివ్వవచ్చనీ, దానికి చట్టంలో అడ్డేమీ లేదనీ సుప్రీంకోర్టు 2025 జనవరిలో ఒక లారీ కేసులో తీర్పు చెప్పింది. స్టేషను ఆవరణలో బండి తుప్పు పట్టేదాకా యెదురుచూడక దరఖాస్తు పెట్టుకోవాలి.

శిక్ష తూకం మీద ఆధారపడింది

ఈ నేరాలకు 1985లో వచ్చిన ఎన్.డి.పి.ఎస్. చట్టం వుంది. కుర్రాళ్లకు యెవరూ చెప్పనిది ఏమంటే, ఈ చట్టంలో శిక్షను తూకం నిర్ణయిస్తుంది. గంజాయి కిలో లోపయితే యేడాది దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. కిలో దాటి 20 కిలోల దాకా అయితే పదేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. 20 కిలోలు దాటితే పదేళ్లకు తగ్గదు, 20 యేళ్ల దాకా పోవచ్చు. జరిమానా లక్షకు తగ్గదు. 20 కిలోలంటే యెంత? ఒక బస్తాలో సగం కూడా కాదు. కొన్ని వేలకోసం ఆ సగం బస్తా యెత్తుకున్నవాడు వయసంతా జైల్లో పెట్టి వస్తాడు.

"నేను మూట ముట్టుకోలేదు, ముందు బండి నడిపానంతే" అంటారు పైలట్ కుర్రాళ్లు. చట్టంలో 29వ సెక్షను వుంది. సాయపడినవాడికీ, కుట్రలో కలిసినవాడికీ అసలు నేరానికున్న శిక్షే. 20 కిలోలు దాటిన కేసులో జామీను రావడం యినుపగుగ్గిళ్లు నమలడమే. ముద్దాయి నేరం చెయ్యలేదని నమ్మడానికి తగిన కారణాలు జడ్జికి కనబడాలి. మామూలు కేసుల్లో 60, 90 రోజులకు చార్జిషీటు వెయ్యకపోతే జామీను హక్కు వస్తుంది. దీనికి 180 రోజులు, ఆపైన కోర్టు అనుమతితో యేడాది దాకా సాగదీయవచ్చు. ఆ యేడాదిలో తల్లి పుస్తెలు పోతాయి, తండ్రి అప్పులపాలవుతాడు. పంపినవాడు ఫోను నంబరు మారుస్తాడు.

మరి పంపినవాడికి చట్టంలో శిక్ష లేదా? వుంది. 27ఏ సెక్షను ప్రకారం ఈ వ్యాపారానికి పెట్టుబడి పెట్టినవాడికి, వాళ్లకు ఆశ్రయమిచ్చినవాడికి పదేళ్లనుంచి 20 యేళ్లు. కాని దాని కథ వినండి. 2014లో చట్టాన్ని సవరించినప్పుడు ఒక నిర్వచనం క్రమసంఖ్య మార్చారు. 27ఏలో మాత్రం పాత సంఖ్యే వుంచేశారు. దాంతో ఆ సెక్షను చూపించే చోట ఆ నిర్వచనం లేకుండా పోయింది. 2021లో త్రిపుర హైకోర్టు సవరించమని చెప్పేదాకా యేడేళ్లు ఢిల్లీలో యెవరూ దిద్దలేదు. అదే సంవత్సరం ఆఖర్లో పార్లమెంటు సరిచేసింది. మూట మోసేవాడి సెక్షను మాత్రం ఆ యేడేళ్లలో ఒక్కరోజు కూడా గాడి తప్పలేదు!

అందుకని మేము ఒకటే అడుగుతున్నాం. కుర్రాడి దగ్గర దొరికిన ఫోను ఎవరితో మాట్లాడిందో, బండికి డబ్బు యెవరిచ్చారో, సరుకు యెవరికి చేరవలసి వుందో దర్యాప్తు అక్కడిదాకా పోవాలి. గంజాయి డబ్బుతో కొన్న ఆస్తులను జప్తు చెయ్యడానికి ఈ చట్టంలోనే ఒక అధ్యాయం వుంది. దాన్ని మేడల మీద వాడండి. మన రాష్ట్రంలో 2024 నవంబరులో 'ఈగల్' అనే ప్రత్యేక విభాగం పెట్టారు, 1972 నంబరు యిచ్చారు. మంచిదే. కాని దాని పనిని పట్టిన కిలోలతోనూ, జైలుకు పంపిన కూలీలతోనూ కొలవొద్దు. యెంతమంది పెట్టుబడిదారులను కోర్టు ముందు నిలబెట్టారన్నదే కొలత.

వాడకు దొంగముద్ర వెయ్యనివ్వకండి

వూళ్లో ఒక మోటారు పోయిందంటే, ఒక బండి పోయిందంటే ముందు వాడ కుర్రాళ్లనే పట్టుకుపోయే అలవాటు వుంది. యిప్పుడు దానికి గంజాయి పేరు తోడైంది. జుట్టు పెంచినవాడు గంజాయివాడు, ఖాళీగా కూచున్నవాడు దొంగ! మనకు ఈ ముద్ర కొత్త కాదు. తెల్లవాడు 1871లో నేరస్థ తెగల చట్టం చేశాడు, 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికి తెచ్చాడు. యెరుకల వాళ్లను స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టి, పుట్టిన బిడ్డను కూడా దొంగగా లెక్కగట్టాడు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. ముద్ర చెరగడానికి తరాలు పడుతోంది. ఒక వ్యాపారం కోసం కొత్తగా మరో వాడకు, మరో గూడేనికి ఆ ముద్ర పడనిస్తామా?

అలాగని దొంగతనాన్ని మనం వెనకేసుకు రాము. పోయిన బండి సాటి కూలిదే. కాని పట్టుబడిన కుర్రాణ్ణి కరెంటు స్తంభానికి కట్టి కొట్టడం న్యాయం కాదు, నేరం. ఆ కొట్టినవాళ్లలోనూ మనవాళ్లే వుంటారు, రేపు ఆ కేసులోనూ మనవాళ్లే జైలుకు పోతారు. అసలువాడు రెండోసారి కూడా తప్పించుకుంటాడు.

సారా పోరాటం నేర్పిన పాఠం

నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో అక్కాచెల్లెళ్లు కొంగు బిగించి సారాకొట్టు మీదకు వెళ్లారు. ఆ పోరాటం జిల్లా దాటి రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ ఆడవాళ్లు ప్రధానంగా తాగినవాడి మీదకు వెళ్లలేదు. అమ్మేవాడి మీదకు, వేలంపాట మీదకు వెళ్లారు. అదీ పాఠం.

సారాకొట్టుకు గోడలుండేవి, పాటదారుడి పేరు వుండేది. గంజాయికి కొట్టు లేదు, బోర్డు లేదు. బడి వెనక, చెరువుగట్టు మీద, బైపాసు పక్కన టీబంకు దగ్గర చిన్న పొట్లంగా చేతులు మారుతుంది. అందుకని దీనిమీద పోరాటం కొంచెం వేరు. కాని అమ్మేవాణ్ణీ, అలవాటు పడ్డవాణ్ణీ ఒకే గాట కట్టకూడదన్నది అప్పుడూ యిప్పుడూ ఒకటే.

అలవాటు పడినవాడు రోగి. తిట్టి, కొట్టి, గదిలో పెట్టి తాళం వేస్తే రోగం తగ్గదు. చికిత్స వుంది. 14446 అనే వుచిత నంబరుకు ఫోను చేస్తే సలహా చెబుతారు. కేసు భయంతో ఆసుపత్రికి పోనివాళ్లు ఈ సంగతి వినాలి. తాగిన కేసులో గాని, కిలో లోపు దొరికిన కేసులో గాని అలవాటు పడ్డ మనిషి తనంతట తాను గుర్తింపు వున్న ఆసుపత్రిలో చేరి చికిత్స పూర్తిచేసుకుంటే శిక్షించకుండా వదిలే వీలు 64ఏ సెక్షనులో వుంది. మొయ్యడానికి పోకముందే వాణ్ణి ఆసుపత్రికి తీసుకుపోవడం మన చేతిలో పని.

మన గ్రామశాఖలు చెయ్యవలసింది

ఒకటి: ప్రతి వూళ్లో యువకులతో, తల్లులతో విడివిడిగా సమావేశం పెట్టాలి. తూకం, శిక్ష, పైలట్ బండి, పాత బండి కాగితాలు - ఈ నాలుగు సంగతులు అందరికీ అర్థమయ్యేట్టు చెప్పాలి. నీతిబోధలు వద్దు, నిజాలు చాలు.

రెండు: వూళ్లోకి వచ్చి కుర్రాళ్లను పనికి పిలుస్తున్న కొత్త ముఖాలను గమనించాలి. ఒక్కరు వెళ్లి యెదిరించవద్దు. పదిమంది కలిసి, సంఘం తరఫున రాతపూర్వకంగా ఫిర్యాదు యివ్వాలి.

మూడు: అరెస్టయిన కుటుంబాన్ని వెలివెయ్యకూడదు. అరెస్టు కారణాలు రాతపూర్వకంగా అడగాలి. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఒంటి సోదా చేసేటప్పుడు గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేటు ముందో చెయ్యమని కోరే హక్కు వుందని 50వ సెక్షను చెబుతోంది. ఈ కేసుల అధికారులకు యిచ్చిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది, కనుక తెల్లకాగితాల మీద సంతకం పెట్టవద్దు. లాయరుకు డబ్బు లేకపోతే వుచిత న్యాయసహాయానికి 15100 వుంది.

నాలుగు: పంటల సందుకాలంలో వూళ్లోనే పని చూపమని పంచాయతీని, మండలాన్ని నిలదియ్యాలి. కూలి వారం వారం చేతికి రావాలి. చేసిన పనికి నెలల తరబడి డబ్బు పడకపోతే, అదే రోజు రాత్రి రొక్కం యిచ్చేవాడి మాట కుర్రాడి చెవికి తియ్యగా వుంటుంది.

కొండమీద గిరిజనుడు, దిగువన కూలోడి కొడుకు, పోయిన బండికి వాయిదా కడుతున్న మేస్త్రీ - ముగ్గురూ ఒకరినొకరు దొంగలనుకుంటున్నంత కాలం నాలుగోవాడు హాయిగా వుంటాడు. ముగ్గురూ ఒకచోట కూచుని లెక్క చూసుకుంటే, సొమ్ము యెవరింటికి పోయిందో తేలుతుంది. ఆ లెక్క చూసే పని ప్రతి గ్రామశాఖా ఈ నెలలోనే మొదలుపెట్టాలి.